కాలర్ దగ్గర విరుగుతున్న 22 మి.మీ. రాడ్లు: జాక్‌హామర్, రాడ్డు, బిట్టు మెయింటెనెన్స్

పరకాల_క్వారీ
అందరికీ నమస్తే. పరకాల దగ్గర గ్రానైట్ క్వారీ. బ్లాకు విడదీయడానికి లైన్ డ్రిల్లింగ్ (వరసగా దగ్గర దగ్గర రంధ్రాలు) అంతా జాక్‌హామర్లతోనే, అంటే గాలితో కొట్టి రాయిలో రంధ్రం వేసే చేతి మిషన్లతో. ట్రాక్టర్ కంప్రెసర్ ఒకటి, 170 సీఎఫ్ఎం (నిమిషానికి ఇన్ని ఘనపుటడుగుల గాలి). దాని మీద రెండు జాక్‌హామర్లు. రాడ్లు 22 మి.మీ. హెక్స్ (ఆరు పలకల) ఇంటిగ్రల్, అంటే బిట్టు రాడ్డుకే కలిసి ఉండేవి, 0.8, 1.6, 2.4 మీటర్లవి. సమస్యలు రెండు. 1.6 రాడ్లు కాలర్‌కు (మిషన్‌లో దూరే చివర పక్కన ఉండే ఉబ్బు పట్టీ) అటూ ఇటూ విరుగుతున్నాయి. బిట్టులో కార్బైడ్ (రాయిని కోసే గట్టి ముక్క) మూలలు లేచిపోతున్నాయి. రాడ్ల కంపెనీ మార్చినా తేడా లేదు. ఎక్కడి నుంచి చూసుకుంటూ రావాలి?

సాన_పని_హన్మకొండ
ముందు విరిగిన ముక్కలను తుక్కులో వేయకుండ్రి. కిరోసిన్‌తో కడిగి ఎండలో పట్టుకొని చూడుండ్రి. విరిగిన ముఖం మీద ఒక పక్క నున్నగా, వంపు గీతలతో ఉంటది. మిగతాది గరుకుగా, గింజలు గింజలుగా ఉంటది. నున్నటి భాగంలో పగులు మెల్లగా పాకింది, గరుకు భాగం చివరి దెబ్బకు ఒక్కసారే తెగింది. నున్నటి భాగం ఏ అంచు నుంచి మొదలైందో చూసుకోవాలె.

బయటి అంచు నుంచి మొదలైతే సుత్తి దెబ్బ, పైపు రెంచి పండ్ల గాటు, వంపు, లేదంటే చక్‌లో (మిషన్ ముందు రాడ్డును పట్టే భాగం) రాడ్డు ఊగుడు. లోపలి రంధ్రం నుంచి మొదలైతే తుప్పు. తడి రాడ్లను నేల మీద పడేస్తే రంధ్రంలో నీళ్లు నిలిచి సన్నటి గుంటలు పడతై, పగులు అక్కడే పుడతది.

విరిగిన చోటు కూడా కారణం చెప్తది. షాంక్ (రాడ్డుకు చక్‌లో దూరే చివర) ముఖం పెచ్చులు లేస్తే దాన్ని కొట్టే పిస్టన్ చూడాలె. కాలర్ దగ్గర తెగితే చక్ బుష్ (చక్ లోపలి తొడుగు). నడుమ తెగితే వంపు లేదా దెబ్బ. బిట్టు మెడ దగ్గర తెగితే మొద్దు బిట్టుతో నడిపిండ్రని, లేకుంటే ఇరికిన రాడ్డును అటూ ఇటూ ఊపి గుంజిండ్రని అర్థం. మీ రాడ్లు కాలర్ దగ్గర పోతున్నయి కాబట్టి నా మొదటి అనుమానం చక్ బుష్ మీదనే.

పరకాల_క్వారీ
మూడు ముక్కలు కడిగి చూశాను. మూడింట్లోనూ నున్నటి భాగం బయటి అంచు నుంచే మొదలైంది, హెక్స్ మూల దగ్గర. గాలి మాత్రం సరిపోతోంది అనుకుంటున్నాను, ట్యాంకు గేజీ 7 కేజీల ఒత్తిడి (చదరపు సెం.మీ.కు) చూపిస్తోంది.

కంప్రెసర్_కాజీపేట
ట్యాంకు గేజీ 7 చూపిస్తే మిషన్‌కు 7 అందుతున్నట్టు కాదు. రెండు జాక్‌హామర్లూ రాయిలో నడుస్తున్నప్పుడు మిషన్ మొదట్లో ఎంత ఉందో చూడాలి. సూది గేజీ దొరుకుతుంది. మిషన్‌కు ఒక అడుగు ముందు హోస్‌లో గుచ్చి చూస్తారు, తీసేస్తే రబ్బరు దానంతట అదే మూసుకుంటుంది. అది లేకపోతే మిషన్ దగ్గర ఒక టీ జాయింటు వేసి మామూలు గేజీ బిగించండి.

లెక్క చూడండి. 24, 25 కిలోల తరగతి జాక్‌హామర్ 6 కేజీల గాలి దగ్గర సుమారు 110 నుంచి 120 సీఎఫ్ఎం తాగుతుంది. రెండింటికి 220 నుంచి 240 కావాలి. మీ దగ్గర ఉన్నది 170. మిషన్ లోపల అరిగి ఉంటే ఇంకా ఎక్కువ తాగుతుంది. రెండూ కలిసి నడిచేటప్పుడు గాలి 4 దగ్గర ఆడుతుందని నా అంచనా. 6 నుంచి 5కు పడితేనే డ్రిల్లింగ్ వేగం దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది. 4కు పడితే దాదాపు సగానికి వస్తుంది.

తక్కువ గాలి వల్ల రాడ్డు నేరుగా విరగదు. కానీ రంధ్రంలో పొడి పైకి రాదు, బిట్టు ఆ పొడినే మళ్లీ మళ్లీ నూరుతుంది, రాడ్డు ఇరుకుతుంది, మనిషి దాన్ని ఊపి గుంజుతాడు. మీ విరుగుళ్లలో సగం అక్కడే మొదలవుతాయి. అటు 7 దాటించినా మంచిది కాదు, షాంక్, పిస్టన్ రెండూ త్వరగా పోతాయి. మిషన్ దగ్గర 5.5 నుంచి 6 ఉంటే చాలు.

హోస్ సంగతి కూడా చూడండి. ముప్పావు అంగుళం హోస్‌ను కంప్రెసర్ నుంచి బెంచి (డ్రిల్లింగ్ చేసే రాతి మెట్టు) దాకా 60 మీటర్లు లాగితే దారిలోనే గాలి పోతుంది. పెద్ద లైను, కనీసం ఒకటిన్నర అంగుళం, బెంచి దాకా తెచ్చి, చివరి 15 మీటర్లు మాత్రమే ముప్పావు అంగుళం వాడండి. ప్రతి జాయింటుకు హోస్ విడిపోతే కొట్టుకోకుండా సేఫ్టీ చైను కట్టండి. 6 కేజీల గాలితో ఊడిన హోస్ మనిషిని చంపగలదు.

గుట్ట_మేస్త్రి
కంప్రెసర్ గురించి ఇంకో ముచ్చట. ఎయిర్ ఫిల్టరు. గ్రానైట్ పొడిల నడిచే కంప్రెసర్‌కు పుస్తకంల రాసిన గంటలు పనిచేయయి. వేసవిల రోజూ విప్పి, లోపలి నుంచి బయటికి తక్కువ గాలితో ఊదాలె. బయటి నుంచి లోపలికి ఊదితే పొడి కాగితంలకు ఇంకా దిగుతది. ట్యాంకు కింది డ్రెయిన్ పొద్దున, మధ్యాహ్నం రెండుసార్లు తెరవాలె. వానకాలంల అయితే మూడుసార్లు. ఆ నీళ్లు మిషన్లకు పోతే నూనె పొర కడిగేస్తది.

కంప్రెసర్‌ను డ్రిల్లింగ్ దుమ్ము వచ్చే దిక్కు పెట్టుడు చాలామంది చేసే పని. గాలి ఎటు నుంచి కొడుతుందో చూసి, దుమ్ము రాకుండ గాలి వచ్చే దిక్కున పెట్టుండ్రి.

రాక్‌డ్రిల్_ఫిట్టర్_ఎన్టీపీసీ
గాలి, చక్ రెండూ చెప్పారు. నూనె గురించి నేను చెప్తాను, ఎందుకంటే జాక్‌హామర్ చచ్చిపోయేది ఎక్కువగా దీనివల్లే. లైన్ లూబ్రికేటర్ (గాలిలో నూనె కలిపే డబ్బా) మిషన్‌కు 3 మీటర్ల లోపే ఉండాలి. దూరం పెట్టితే నూనె హోస్ గోడలకు అంటుకొని అక్కడే నిలుస్తుంది. లూబ్రికేటర్ మీద బాణం గుర్తు ఉంటుంది, గాలి పోయే దిక్కుకే ఉండాలి. తిరగబెట్టి బిగిస్తే చుక్క నూనె పోదు.

నూనె అందుతోందా లేదా పరీక్ష: మిషన్ నడుస్తుండగా ఎగ్జాస్ట్ ముందు తెల్ల కాగితం కొద్దిసేపు పట్టండి. సన్నగా, సమంగా నూనె మచ్చ పడాలి. పొడిగా ఉంటే తక్కువ, కారిపోతుంటే ఎక్కువ. రాడ్డు తీసి షాంక్ చూడండి, తడిగా మెరవాలి. షాంక్ మీద నీలం రంగు కనిపిస్తే ఎండి కాలిందన్నట్టే. షిఫ్టు అయ్యేసరికి లూబ్రికేటర్ పొద్దున పోసినంతే నిండుగా ఉంటే నూనె వదిలే పిన్ మూసుకుపోయింది.

గ్రేడు: రాక్ డ్రిల్ ఆయిల్, మామూలు రోజుల్లో వీజీ (నూనె చిక్కదనం గ్రేడు) 100. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో వీజీ 150. రామగుండం ఎండకు పలచటి నూనె నీళ్లలా కారిపోతుంది.

వడ్డెపల్లి_క్రషర్
రాక్ డ్రిల్ ఆయిల్ ఎందుకండీ, బండ్లలో తీసిన పాత ఇంజిన్ ఆయిల్ పోసి నడిపేవాళ్లు ఊరి నిండా ఉన్నారు. మిషన్ నడుస్తూనే ఉంది కదా.

రాక్‌డ్రిల్_ఫిట్టర్_ఎన్టీపీసీ
నడుస్తుంది, కానీ ఎన్నాళ్లు అన్నది చూడాలి. పాత ఇంజిన్ ఆయిల్‌లో మసి, లోహపు రజను ఉంటాయి. వాల్వ్ సందులో ఆ రజను సాన పొడి లాగా పనిచేస్తుంది. పిస్టన్ మీద గీతలు, వాల్వ్ అంటుకోవడం, స్టార్ట్ కాకుండా మొరాయించడం అక్కడి నుంచే. రాక్ డ్రిల్ ఆయిల్‌కు నీళ్లు కలిసినా లోహాన్ని వదలని గుణం ఉంటుంది, దెబ్బకు పొర తెగదు. ఇంజిన్ ఆయిల్ ఆ పని కోసం చేసింది కాదు.

ఇంకా ముఖ్యమైనది మనిషి. లూబ్రికేటర్‌లో పోసిన నూనె మంచు లాగా ఎగ్జాస్ట్ నుంచి వచ్చి ఆపరేటర్ ఊపిరితిత్తుల్లోకే పోతుంది. వాడిన ఇంజిన్ ఆయిల్‌లో క్యాన్సర్ తెచ్చే పదార్థాలు ఉంటాయి. డీజిల్ కలిపి పలచన చేసేవాళ్లూ ఉన్నారు, అది మంటకు, పేలుడుకు దారి. ఆ రెండూ మానండి.

సాన_పని_హన్మకొండ
చక్ బుష్ ఎట్లా చూడాలో చెప్తా. కొత్త రాడ్డు తీసుకోండ్రి, పాతది వద్దు, దాని హెక్స్ అరిగి ఉంటది. చక్‌లో పెట్టి కాలర్ దగ్గర పట్టుకొని అటూ ఇటూ ఊపుండ్రి, తిప్పి చూడుండ్రి. బాగా ఊగినా, చక్ లోపలి ఆరు మూలలు గుండ్రంగా అయినా మార్చాలె. చక్ అరిగితే షాంక్ నిటారుగా నిలవదు. పిస్టన్ షాంక్ ముఖం నడుమ కొట్టకుండా ఒక అంచు మీద కొడతది. ప్రతి దెబ్బకు రాడ్డు కొద్దిగా వంగుతది, ఆ వంపంతా కాలర్ దగ్గర మూల మీద పడతది. మీ ముక్కల్లో పగులు హెక్స్ మూల నుంచి మొదలైందన్నరు కదా, అది ఇదే.

ఇట్లా అంచు మీద కొట్టి కొట్టి పిస్టన్ ముఖం గుంట పడతది. స్టీలు స్కేలు నిలబెట్టి వెలుగుకు చూడుండ్రి. సన్నటి గుంట అయితే నీళ్లు పోస్తూ మెల్లగా సాన పట్టొచ్చు. ఎక్కువ పడితే పైన గట్టిపరిచిన పొర పోతది, అప్పుడు మార్చుడే. గుంట పడిన పిస్టన్‌కు కొత్త రాడ్డు ఇస్తే ఆ రాడ్డు కూడా పోతది. అందుకే చక్, పిస్టన్ చూడకుండా రాడ్ల కంపెనీ మారిస్తే లాభం లేదు.

షాంక్ పొడవు కూడా కొలవండ్రి, 108 మి.మీ. ఉండాలె. పొట్టిగా ఉంటే పిస్టన్ తన పూర్తి దెబ్బ రాడ్డుకు ఇవ్వకుండా ముందు దిక్కు సిలిండర్ మీద పడతది.

పరకాల_క్వారీ
విరిగిన రాడ్లకు కొలిమిలో కొత్త షాంక్ కొట్టించి వాడుతున్నారు ఇక్కడ. 108 కొలత ఎవరూ చూడటం లేదు. అది మానాలా?

సాన_పని_హన్మకొండ
మానక్కర లేదు, కానీ చేసే పద్ధతి ముఖ్యం. చల్లబరిచే తీరు తప్పితే షాంక్ మరీ గట్టిగా అయ్యి పిస్టన్‌ను తింటది, లేదా మెత్తగా ఉండి పుట్టగొడుగులా పరుచుకుంటది. షాంక్ గట్టిదనం పిస్టన్ కంటే కొంచెం తక్కువ ఉండాలె, ఎందుకంటే అరిగేది చౌకది కావాలె. ముఖం చదునుగా, రాడ్డు నిడివికి లంబంగా ఉండాలె, అంచుకు సన్నటి వాలు ఇవ్వాలె. లోపలి రంధ్రం నోరు పూడకుండా, గాలి గొట్టం గీసుకోకుండా చూడాలె. గ్యాస్ కొలిమి, ఉష్ణోగ్రత చూసే సాధనం లేని దగ్గర చేయించకుండ్రి.

వెల్డింగ్ మాత్రం వద్దే వద్దు. ఇది కార్బన్ ఎక్కువ ఉన్న స్టీలు, వెల్డు పక్కన గాజులా పెళుసు అయితది. మొదటి ఇరుకుడుకే తెగి రంధ్రంలో ఉండిపోతది. తర్వాత ఆ ఇనుప ముక్క మీద పడ్డ బిట్టుకు కార్బైడ్ పోతది.

బిట్టు_గేజీ
కార్బైడ్ మూలలు లేవడం గురించి ఎవరూ రాయలేదు, నేను రాస్తాను. ఉలి బిట్టును ఎన్ని అడుగులకు సాన పట్టాలి అని అడుగుతారు. అడుగుల లెక్క తప్పు, రాయి రాయికి మారుతుంది. అంచు మీద అరిగి పడ్డ చదును పట్టీని కొలవండి. బయటి మూల నుంచి 5 మి.మీ. లోపలికి వచ్చి, అక్కడ పట్టీ వెడల్పు 2 నుంచి 2.5 మి.మీ. అయితే సాన పట్టాలి. ఇంకా నడిపితే బిట్టు రాయిని కోయదు, దంచుతుంది. ఆ దెబ్బంతా వెనక్కి తిరిగి కార్బైడ్‌లోకి, బ్రేజింగ్‌లోకి (కార్బైడ్‌ను స్టీలుకు పట్టి ఉంచే అతుకు), రాడ్డులోకి వస్తుంది.

రెండో అరుగుదల పక్కల మీద. బిట్టు పక్కలు మొదట్లో వెనక్కి సన్నబడుతూ ఉంటాయి. అరిగినకొద్దీ తిరగబడి, ముందు సన్నగా వెనక లావుగా అవుతుంది. ఆ తిరగబడ్డ భాగం ఎత్తు 8 మి.మీ. దాటితే బిట్టు రంధ్రంలో చీలలా బిగుసుకుంటుంది. ఇరుకుడు, మెడ దగ్గర విరుగుడు దీనివల్లే. సానలో ముందు అంచును తగ్గిస్తూ ఈ భాగాన్ని తీసేయాలి, పక్కలను గీకి సరిచేయవద్దు, గేజీ (బిట్టు వ్యాసం) పోతుంది.

సాన కోణం 110 డిగ్రీలు. కొలతకు ఒక రేకు ముక్క కోసి పెట్టుకోండి. అంచు పూర్తి తిన్నని గీతలా కాకుండా కొద్దిగా వంపుతో ఉండాలి, మూలలు బయటికి పొడుచుకు రాకూడదు. సాన పట్టాక అంచును కత్తిలా వదలవద్దు. చేతిరాయితో అర మి.మీ. మొండి చేయండి, బయటి మూలలు కూడా. కత్తి అంచు మొదటి పది దెబ్బలకే చిట్లుతుంది, మీ సమస్యలో ఇది ఒకటి కావచ్చు.

వడ్డెపల్లి_క్రషర్
సాన పట్టేటప్పుడు వేడెక్కితే నీళ్ల బకెట్‌లో ముంచుతారు ఇక్కడ. మంచిదేనా?

బిట్టు_గేజీ
అదే కార్బైడ్‌ను చంపేది. కార్బైడ్, చుట్టూ ఉన్న స్టీలు ఒకే తీరున కుంచించుకోవు. వేడి మీద ముంచితే కంటికి కనిపించని పగుళ్లు పడతాయి, డ్రిల్లింగ్‌లో మూల లేస్తుంది. రెండే దారులు. మొదటి సెకను నుంచి ఆగకుండా ధారగా నీళ్లు పోస్తూ తడి సాన. లేదంటే పూర్తిగా పొడి సాన, కొద్దికొద్దిగా పట్టి, నాలుగైదు బిట్లు వంతులవారీగా మారుస్తూ, గాలికే చల్లారనివ్వాలి. మధ్యలో నీళ్లు చల్లడం రెండింటి కంటే చెడ్డది.

సాన రాయి ఆకుపచ్చ సిలికాన్ కార్బైడ్ కావాలి, ఇనుముకు వాడే మామూలు రాయి కార్బైడ్‌ను కోయదు, రుద్ది వేడెక్కిస్తుంది. సాన రాయి బిట్టు అంచు వైపుకు తిరగాలి. ఎక్కువ వేడి తగిలితే బ్రేజింగ్ వదులై ఒకరోజు కార్బైడ్ ముక్క మొత్తంగా ఊడివస్తుంది. చివరగా గాలి రంధ్రం నోరు మూసుకుందేమో తీగతో చూడండి.

గుట్ట_మేస్త్రి
మూలలు లేవడానికి ఆపరేటర్ అలవాటు ఇంకో కారణం. రంధ్రం మొదలుపెట్టేటప్పుడు నిండు గాలి ఇయ్యొద్దు. సగం గాలితోని, 0.8 రాడ్డుతోని, రెండు మూడు అంగుళాలు దిగేదాకా మెల్లగ నడపాలె. ఏటవాలు రాయి మీద బిట్టు జారితే ఒక మూల మీదనే దెబ్బంతా పడతది. ఇంకోటి, రాడ్డు రాయికి ఆనకుండ గాలిల నడిపియ్యొద్దు. ఆ దెబ్బలు పోయేతందుకు చోటు లేక రాడ్డును పట్టే రిటైనర్, మిషన్‌ను బిగించే సైడ్ బోల్టుల మీద పడతయ్.

పాత పేలుడు రంధ్రం అడుగు భాగం మిగిలి కనిపిస్తే దాంట్ల రాడ్డు పెట్టొద్దు. ఎంత లోతు పనైనా, ఎంత తొందరైనా. లోపల పేలని మందు ఉండొచ్చు.

పరకాల_క్వారీ
సూది గేజీ తెచ్చి చూశాను. రెండూ నడిచేటప్పుడు 4.2, ఒక్కటే నడిస్తే 5.8. చక్ బుష్‌లో కొత్త రాడ్డు కూడా బాగా ఊగుతోంది. రెండు మిషన్ల చక్‌లూ మారుస్తున్నాను. ఒక మిషన్ రొటేషన్ కూడా బలహీనంగా ఉంది, చేతితో రాడ్డు ఆపగలిగేటంత.

రాక్‌డ్రిల్_ఫిట్టర్_ఎన్టీపీసీ
ఆ రెండో మిషన్ విప్పండి. హోస్ మూసి, గాలి మొత్తం వదిలాకే. సైడ్ బోల్టులు రెండూ ఒకేసారి కొద్దికొద్దిగా వదులు చేయాలి. రాడ్డు తిరిగేలా పట్టే రాచెట్ పాల్స్ (పట్టు పళ్లు) నాలుగూ తీసి అంచు చూడండి, గుండ్రమైతే చాలా మోడళ్లలో తిప్పి రెండో అంచు వాడుకోవచ్చు. మార్చితే నాలుగూ కలిపి మార్చండి, వాటి స్ప్రింగులతో సహా. ఒకటి కొత్తది మూడు పాతవి పెడితే కొత్తది ఒక్కటే బరువంతా మోస్తుంది. తర్వాత రైఫిల్ నట్టు, అంటే పిస్టన్‌ను తిప్పే మరల నట్టు. లోపలి కంచు పండ్లు సగం మందానికి అరిగితే పని అయిపోయినట్టే.

భాగాలన్నీ కిరోసిన్‌లో కడిగి గాలితో ఆరబెట్టండి. నూలు పీచుతో తుడవద్దు, ఆ పోగులు వాల్వ్‌లో ఇరుకుతాయి. ప్రతి భాగానికీ రాక్ డ్రిల్ ఆయిల్ పూసి బిగించండి. సైడ్ బోల్టులు రెండు వైపులా సమంగా, ఒకటి పావు చుట్టు, ఇంకోటి పావు చుట్టు. ఒకవైపు ఎక్కువైతే సిలిండర్ వంకరై పిస్టన్ రుద్దుకుంటుంది. అయ్యాక పిస్టన్ చేత్తో నెడితే తేలిగ్గా జరగాలి.

బొగ్గుబాయి_భూపాలపల్లి
మా దగ్గర బొగ్గు రంధ్రాలకు జాక్‌హామర్ ఉండదు, 125 వోల్టుల ఎలక్ట్రిక్ డ్రిల్లు, తిప్పి కోసే రెండు రెక్కల బిట్టు, అది వేరే లోకం. కానీ రాయిలో పైకప్పు బోల్టు రంధ్రాలు వేసేటప్పుడు తడి డ్రిల్లింగ్ మీదే పట్టు. మీ క్వారీలో పొడి డ్రిల్లింగ్ చేస్తున్నట్టుంది. గ్రానైట్‌లో క్వార్ట్జ్ ఉంటుంది, ఆ దుమ్ము సిలికోసిస్ తెస్తుంది. గనుల చట్టం, 1952 కింద ప్రకటించిన జబ్బుల్లో అది ఒకటి. తగ్గే జబ్బు కాదు. గుడ్డ కట్టుకుంటే ఆగేంత లావు దుమ్ము కాదు అది.

నీటి గొట్టం ఉన్న జాక్‌హామర్ తీసుకుంటే నీటి ఒత్తిడి గాలి ఒత్తిడి కంటే అర నుంచి ఒక కేజీ తక్కువ ఉంచండి. నీరు ఎక్కువైతే మిషన్ లోపలికి ఎక్కి నూనె కడిగేస్తుంది. పని ఆపేటప్పుడు ముందు నీరు మూయాలి, తర్వాత కొద్దిసేపు గాలితో ఊది ఆరబెట్టి, అప్పుడు గాలి మూయాలి. షిఫ్టు చివర హోస్ విప్పి, మిషన్ నోట్లో కొద్దిగా నూనె పోసి మళ్లీ తగిలించి రెండు మూడు సెకన్లు తిప్పితే రాత్రికి తుప్పు పట్టదు. నీటి గొట్టం వంగితే షాంక్ లోపల గీసుకొని విరుగుతుంది, వారానికోసారి తీసి బల్ల మీద దొర్లించి చూడండి.

ధర్మసాగర్_వ్యాగన్‌డ్రిల్
డీటీహెచ్ (హ్యామర్ రంధ్రంలోకే దిగి కొట్టే డ్రిల్లు) వాళ్ల కోసం నాలుగు ముక్కలు. 4 అంగుళాల హ్యామర్‌కు ప్రతి 100 సీఎఫ్ఎం గాలికి గంటకు సుమారు 0.15 లీటరు నూనె. కొత్త పైపు కలిపేటప్పుడు పైపు కింది చివర నూనె తడి కనిపించాలి. బటన్ (ఆ బిట్టు మీది గుండ్రటి కార్బైడ్ గుబ్బ) తల మీద చదును, బటన్ వ్యాసంలో మూడో వంతు దాటకముందే సాన పట్టాలి. 12 మి.మీ. బటన్ అయితే 4 మి.మీ. ముందు అరిగేవి అంచు బటన్లు, అవి త్వరగా పోతుంటే తిప్పే వేగం తగ్గించండి. కొత్త బిట్టును సగం వేసిన పాత రంధ్రంలో దింపొద్దు, పాత బిట్టు అరిగి రంధ్రం సన్నబడి ఉంటుంది, ఇరుక్కుంటుంది. హ్యామర్ కేసింగ్ మీద వెల్డింగ్, సుత్తి దెబ్బ రెండూ వద్దు. రంధ్రంలో ఎన్నడూ వెనక్కి తిప్పొద్దు, మర ఊడి హ్యామర్ లోపలే ఉండిపోతుంది.

పరకాల_క్వారీ
ఒక చివరి ప్రశ్న. ఇంటిగ్రల్ రాడ్లు సాన పట్టినకొద్దీ గేజీ తగ్గుతోంది. ఏ రాడ్డు ఏ రంధ్రంలో పోతుందో కలిసిపోతున్నాయి. షాంక్ మీద పంచితో నంబర్లు కొట్టిస్తే?

బిట్టు_గేజీ
పంచి వద్దు, ఆ గుర్తు నుంచే పగులు మొదలవుతుంది. పెయింట్ వాడండి. కొత్త సెట్‌లో 0.8 రాడ్డుకు 34 మి.మీ. బిట్టు, 1.6కు 33, 2.4కు 32 ఉంటుంది. తర్వాత దిగే రాడ్డు ముందుదాని కంటే సన్నగా ఉండేందుకే ఈ వరస. మీ క్వారీలో 0.8 అరిగి 32కు వచ్చాక కొత్త 1.6 దింపితే 33 బిట్టు 32 రంధ్రంలో ఇరుకుతుంది, మూలలు లేస్తాయి. అందుకే మూడు రాడ్లను ఒక సెట్‌గా ఒకే రంగు పూసి, కలిసే కొని, కలిసే సాన పట్టి, కలిసే వాడండి. ఒకటి విరిగితే దాని స్థానంలో కొత్తది కాదు, గేజీ సరిపోయే పాత రాడ్డు పెట్టాలి. అందుకు విరిగిన సెట్‌లలో మిగిలిన మంచి రాడ్లను గేజీ ప్రకారం వేరువేరు గళ్లలో స్టాండు మీద, రంధ్రం కిందికి వచ్చేలా నిలబెట్టి దాచండి.

సాన_పని_హన్మకొండ
పెయింట్ కాలర్ మీద ఒక పట్టీగా వేయండ్రి, షాంక్ మీద కాదు. షాంక్ మీద వేస్తే పూట లోపలే పోతది, రేకులు చక్‌లోకి కూడా పోతయి. రెండు మిషన్లకు కొత్త చక్‌లు వేసినంక పాత, అరిగిన షాంక్ ఉన్న రాడ్లు వాటిలో పెట్టకుండ్రి, కొత్త చక్ మూలలు కూడా అప్పుడే పోతయి. 170 కంప్రెసర్ మీద ఒక మిషన్‌నే నడపండ్రి, రెండోది కావాలంటే 250 దాటిన కంప్రెసర్ తీసుకోండ్రి.